దూడతో సహా

ఆవు నాలుగో మెట్టు మీద ఆగిపోయింది.

కొత్తగూడలో రెండో అంతస్తు ఫ్లాటు. లిఫ్టుకి గొయ్యి తవ్వారు గానీ లిఫ్టు ఇంకా రాలేదు.

గృహప్రవేశానికి ఆవూ దూడా ముందు గడప దాటాలని అత్తగారు పుణ్యవతి పట్టుబట్టింది. ఆవుని మాత్రం ఎవరూ అడగలేదు.

కోడలు వాసంతి పట్టుచీరలో తలుపు దగ్గర నిలబడింది. ఆఫీసులో కంప్యూటర్ల వై టూ కే పని చేసే పిల్ల. ఒకసారి డెయిరీ చూసొచ్చినప్పటి నుంచి పాలు ముట్టదు. పెరుగూ నెయ్యీ కూడా అంతే. ఎందుకో చెప్పబోతే చాలు, "మా తాతలు తాగలేదా?" అంటారు అత్తింట్లో.

అత్తగారు ఆర్నెల్లుగా ఆమెతో మాట్లాడటం లేదు.

"ఇవాళ పాలు తాగనంటే అమ్మ ఇక మన గడప తొక్కదు," అన్నాడు భర్త చైతన్య, పొద్దున్నే. "నేనూ నీ వైపు మాట్లాడలేను వాసంతీ."

కింద, ఆవుని తోలుకొచ్చిన మల్లయ్య దాని తోక మెలిపెట్టాడు. అది కదల్లేదు.

"దూడ ఏదయ్యా?" పైనుంచి అడిగారు మామగారు చలపతిరావు.

మల్లయ్య ఆటోలోంచి గోనెసంచి తెచ్చి విప్పాడు.

దూడే. తోలు మాత్రమే. లోపల గడ్డి కూరి కుట్టేసి ఉంది.

"సచ్చి వారమాయె సార్. గిది ముందలుంటెనే పాలిస్తది."

దాన్ని చంకన పెట్టుకుని అతను మెట్లెక్కాడు. ఆవు అంబా అంటూ వెనకే ఎక్కింది.

వాసంతి నోరు తెరవబోయింది. చైతన్య ఆమె మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు.

"ముహూర్తం దాటిపోతోందండీ," అన్నారు పురోహితులు యజ్ఞనారాయణగారు. "దానిమీద కొత్త గుడ్డ ఏదైనా కప్పండి."

పుణ్యవతి రవికెల గుడ్డ కప్పింది. దూడ నుదుటికి పసుపు రాసి బొట్టు పెట్టింది. ఆవిడకీ మనసొప్పలేదు. అయినా పెట్టింది.

ఆవూ దూడా గడప దాటాయి.

మల్లయ్య క్యానులో తెచ్చిన ఆ ఆవు పాలే పొంగించారు. మొదటి గ్లాసు కోడలికిచ్చారు.

అందరూ వాసంతినే చూస్తున్నారు. గుమ్మం పక్కన ఆవు ఆ గుడ్డ తొలగించుకుని, దూడ నుదుటి పసుపంతా నాకుతోంది.

చెప్పాలనుకున్న మాటలన్నీ వాసంతికి గొంతు దాకా వచ్చాయి. వాటి మీద నుంచే పాలు దిగాయి.

పుణ్యవతి కళ్లు తుడుచుకుంది. అదే చెంగుతో కోడలి మూతీ తుడిచింది.

"ఇంకొంచెం పోయనా, అమ్మా?"