చచ్చిన రాజుకి వన్స్‌మోర్

ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు గానీ, రోజంతా సెల్లులో సినిమాలు చూసే చిలకనైన నాకు పద్యనాటకమంటే ప్రాణం.

మొన్న మా అడవిలో ఎలుగుబంటి మామ రాజు వేషం కట్టాడు. పంతానికి పోయి తమ్ముణ్ణి పోగొట్టుకున్న ఆ రాజు, ఏడుస్తూ పద్యం పాడి ప్రాణం విడిచాడు. కోతులు ఈలలేసి “వన్స్‌మోర్!” అని అరిచాయి. చచ్చిన రాజు లేచి, కిరీటం సర్దుకుని, అదే పద్యం ఇంకా గొప్పగా పాడి మళ్లీ చచ్చాడు. నా ఒళ్లు జలదరించింది.

తెర దించాక వెళ్లి అన్నాను: “సినిమాలో అయితే తమ్ముడు టైముకి వచ్చేసేవాడు మామా!”

“అదీ బాగుంటుందే పిల్లా. ఇంతకీ మీ అక్కతో మాటలు కలిశాయా?”

“తనే ముందు పలకరించాలి.”

మామ మొహానికున్న రంగు తుడుచుకుంటూ నవ్వాడు. “నన్నంటే కోతులు లేపాయి. ఇళ్లల్లో పోయినవాళ్లకి వన్స్‌మోర్ ఎవరంటారే?”

ఇక పంతం చాలు, అక్కకి నేనే ఫోన్ చేస్తాను.