లెక్కకు రాని గంటలు

"ఎన్ని గంటలన్నావ్?"

"రెండు వేలు, అంకుల్."

"అంకుల్ ఏంటి? ఇది ఇర్వింగ్‌లో మీ తెలుగువాళ్ల చర్చి కాదు. సార్ అను. దేంట్లో రెండు వేలు?"

"టిల్ట్‌రోటర్‌లో, సార్."

సూర్యప్రకాశరావు మూతి విరిచాడు. ఫ్రిస్కోకి ఉత్తరాన ఉన్న ఆ చిన్న ఫ్లయింగ్ స్కూలు ఆయనదే. టెక్సస్ ఎండలో ముప్ఫై ఏళ్లుగా విమానం నడపడం నేర్పుతున్నాడు. మిలిటరీ పైలట్లంటే ఆయనకు మొదట్నుంచీ ఒళ్లుమంట. సర్కారు ఖర్చుతో ఎగురుతారు, బయటికి రాగానే ఒక రాతపరీక్ష రాసి సివిల్ లైసెన్సు జేబులో వేసుకుంటారు.

మిలిటరీ వదిలి ఇప్పుడు ఎదురుగా నిలబడ్డ ఈ కాలేబ్ నడిపింది మరీ విడ్డూరం. రెక్కల చివరి ఇంజన్లను పైకి తిప్పితే హెలికాప్టర్‌లా నిలువుగా లేస్తుంది. ముందుకు వంచితే విమానంలా పరుగెడుతుంది.

"నీ లైసెన్సు మీద ఏం రాశారు? హెలికాప్టర్ అనా? కాదు. విమానం అనా? కాదు. పవర్డ్ లిఫ్ట్! మిలిటరీ గేటు దాటితే అలాంటి బండి ఒక్కటైనా ఉందా? విమానం లెక్కలో నీ గంటలు సున్నా. తెలుసా?"

"తెలుసు సార్. అందుకే కదా వచ్చాను."

పార్సిళ్లు మోసే కంపెనీలో కాలేబ్‌కు ఉద్యోగం దాదాపు ఖాయమైంది. వాళ్లవి సింగిల్ ఇంజన్ విమానాలు. వాటిని నడపొచ్చని లైసెన్సు మీద రాసిచ్చే రేటింగును జూన్ ఆఖరుకల్లా తెచ్చుకుంటేనే చేర్చుకుంటారు. రేటింగు పరీక్షకు వెళ్లాలంటే, నేర్పినవాడు 'ఇతను సిద్ధం' అని సంతకం పెట్టాలి.

అది ఏప్రిల్ నెల. మర్నాటి నుంచి సూర్యప్రకాశరావు అతణ్ణి వదిలితే ఒట్టు. తన స్టూడెంట్లందరినీ ఇంకో ఇన్‌స్ట్రక్టర్ సాయి ప్రియకు అప్పగించేశాడు.

"ఈ సున్నాగాణ్ణి దారిలో పెట్టేసరికే నా తల ప్రాణం తోకకొస్తోంది. మిగతావాళ్లను నువ్వే చూసుకో," అన్నాడు.

ఎగిరిన ప్రతిసారీ తిట్లే. దానికి తగ్గట్టు కాలేబ్‌కు ఒక అలవాటుంది. దిగబోయే ముందు ఎడమచేతి బొటనవేలు దానంతటదే కదిలేది. పాత బండిలో ఆ వేలి కింద ఒక చిన్న చక్రం ఉండేది. దాన్ని వెనక్కి దొర్లిస్తే ఇంజన్లు పైకి తిరిగి వేగం తగ్గేది. ఈ విమానంలో అక్కడ ఏమీ లేదు. అయినా వేలు వెతుక్కునేది.

"ఏంటా గోకుడు? దురదా?"

"అలవాటు సార్. సారీ."

"రెండు వేల గంటల్లో నేర్చుకున్నది ఇదన్నమాట!"

ఆపైన రోజూ ఒకటే పరీక్ష. రన్‌వే ఎదురుగా కనబడగానే సూర్యప్రకాశరావు సీటు వెనక్కి జరుపుకుని చేతులు కట్టుకునేవాడు.

"నేను చచ్చాననుకో. దింపు."

కాలేబ్ దింపేవాడు. చక్రాలు నేలను తాకిన సంగతి కూడా తెలిసేది కాదు.

"బొటనవేలు మళ్లీ కదిలింది. సంతకం లేదు. రేపు రా."

మే గడిచింది. సాయి ప్రియ ఉండబట్టలేక అడిగేసింది.

"ఆయన ఎప్పుడో రెడీ అయిండు కద సార్. ఇంకెందుకు తిప్పుతున్రు? మీ ఈవెనింగ్ సోలో గూడ బంద్ చేసిన్రు."

"వాడి పక్కన కూర్చుని వచ్చాక ఒక్కణ్ణే ఎగిరే ఓపిక ఎక్కడుంటుందమ్మా?"

"పోనీ, నా స్టూడెంట్ అనుష్క ల్యాండింగ్ మీరొకసారి చెక్ చేయుండ్రి. మంచిగ చేస్తది."

"ఆ పిల్లతోనా? నేను ఎక్కను," అని కసురుకున్నాడు.

జూన్ ఆఖరి శుక్రవారం కాలేబ్ ఓర్పు కూడా అయిపోయింది.

"సార్, రేపటికి ఎగ్జామినర్‌ని బుక్ చేసుకున్నాను. మీ సైన్ లేకపోతే క్యాన్సిల్ చేయాలి. మండేకి రేటింగ్ లేకపోతే జాబ్ వేరేవాళ్లకి ఇచ్చేస్తారు. నా తప్పేంటో చెప్పండి. ప్లీజ్."

"ఎక్కు. చెప్తాను."

ఆరోజు గాలి అడ్డంగా కొడుతోంది. రన్‌వే కనబడింది. సూర్యప్రకాశరావు సీటు వెనక్కి జరుపుకున్నాడు.

"నేను చచ్చాననుకో."

ఆయన కళ్లు రన్‌వే మీద లేవు. ఆ బొటనవేలి మీదే ఉన్నాయి. కదులుతుందని చూశాడు. కదలాలని కోరుకున్నాడు. చక్రాలు ఆనేదాకా, విమానం ఆగేదాకా, అది ఉన్నచోటు నుంచి కదల్లేదు.

సూర్యప్రకాశరావుకు ఒళ్లు మండిపోయింది. తిట్టడానికి వంకే లేదు. కదలని వేలు కదిలిందని చెప్పడం మాత్రం ఆయనకు చేతకాదు. కాలేబ్ చేతిలోంచి లాగ్‌బుక్ లాక్కుని సంతకం గీకాడు.

"పో. ఆ పార్సిళ్లనైనా పగలగొట్టకుండా మొయ్యి."

"థాంక్యూ సార్. నేనంటే మీకెందుకు అంత చులకనో నాకు అర్థం కాలేదు. బట్ థాంక్యూ."

"సున్నా గంటలవాడి థాంక్యూలు నాకెందుకు? దిగు."

కాలేబ్ కారు గేటు దాటేదాకా ఆయన విమానంలోనే కూర్చున్నాడు. తర్వాత ఆఫీసులోకి వచ్చి, గోడ మీది బోర్డులో వచ్చేవారం వరుసలోంచి తన పేరు తుడిచేశాడు. విమానం తాళంచెవి సాయి ప్రియ టేబుల్ మీద పెట్టాడు.

"ఇదేంది సార్? మండే నుంచి ఎవరితోని ఎగుర్తరు?"

ఆయన కారు తాళాలు తీసుకుని బయటికి నడిచాడు.

మార్చిలో గుండె డాక్టరు ఇక ఎగరొద్దని చెప్పిన దగ్గర్నుంచీ, గాలిలో తన గుండె ఆగిపోయినా విమానాన్ని పదిలంగా కిందికి దించగలడని సూర్యప్రకాశరావు నమ్మింది ఆ సున్నా గంటల కాలేబ్ ఒక్కణ్ణే.