సెలవురోజు ఆవిరి

సెలవునాడు ప్రయోగశాలకు విచ్చేయు మానవులు ద్వివిధులు: పని మిగిలిపోయినవారు, ఇంట్లో మనుషులు మిగలనివారు.

మట్టిలోని సూక్ష్మజీవులపై పరిశోధన చేసే డాక్టరమ్మ తనను మొదటి తెగలోనూ, సీసాలు కడిగే ఆవిరి తాతను రెండో తెగలోనూ వేసింది.

ముప్ఫై ఏళ్ళుగా తాత ఒక్క ఆదివారమూ మానలేదు. సూక్ష్మజీవుల తిండికని కాచిన ద్రవం సీసాలను ఆవిరిపాత్రలో దించి, మంట చూస్తూ కూర్చునేవాడు.

“నిన్న ఉడికినవేగా తాతా, మళ్ళీ ఎందుకు?”

“ఇవాళ్టిది ఇవాళ పడాలమ్మా.”

పాపం, ఒంటిపక్షి అనుకుందామె. గ్యాసు దండగ అని కూడా అనుకుంది. తాత ఉద్యోగం పొడిగించమన్న కాగితం మీద సంతకం పెట్టలేదు.

“ఇక ఇంటిపట్టున హాయిగా ఉండు తాతా.”

ఆ తర్వాత సీసాలు ఒక్క ఉడుకుతోనే బల్ల ఎక్కసాగాయి.

నెల తిరక్కుండా డాక్టరమ్మ నక్కతోక తొక్కింది.

కొండమట్టి, వాగుమట్టి, పెరటిమట్టి - సీసాలో ఏది కలిపినా పెరిగేది ఒకటే బాక్టీరియా, ఒకటే బాసిల్లస్! ఊదారంగు పట్టే కడ్డీ దేహం. కడుపులో నిగనిగలాడే బీజం. ఉడికించినా చావని పౌరుషం. సకల మృత్తికలనూ ఏలే చక్రవర్తి ఇన్నాళ్ళూ ఎవరి కంటా పడలేదంటే కొత్తజాతి కాక మరేమిటి?

ఆర్నెల్లు దాని గుణగణాలు రాసింది. తన తర్వాత మోసేవారు లేని ఇంటిపేరును దానికి పెట్టింది. ఆ పేరైనా నాలుగు కాలాలపాటు నిలవాలని వ్యాసాన్ని పరిశోధన పత్రికకు పంపింది.

పత్రిక పరిశీలకుడి జవాబు ఒకే ఒక్క వాక్యం: “మట్టి కలపని సీసాలో ఏం పెరిగింది?”

ఏళ్ళ తరబడి తేటగానే ఉంటోందని ఆ సీసాను పెట్టడం ఆమె ఎప్పుడో మానేసింది. ఇప్పుడు పెట్టింది.

రెండోరోజుకు మసకబారింది. చక్రవర్తి అందులోనూ కొలువుదీరాడు.

నిశ్శబ్దంగా ఉన్న ప్రయోగశాలలోంచి తాత ఇంటికి ఫోన్ చేసింది. అవతల పిల్లల గోల.

“మామయ్యగారాండీ? మనవళ్ళతో పేకాటలో ఉన్నారు. ఇన్నేళ్ళకి ఆదివారం ఇంట్లో చిక్కారు!” అంది కోడలు.

తాత ఫోన్ అందుకుని, సంగతంతా విన్నాడు.

“అది దుమ్ములో ఉండేదేనమ్మా. ఒక్క ఉడుక్కి చావదు, గింజ మిగుల్తుంది. మర్నాటికి మొలుస్తుంది, అప్పుడు మళ్ళీ ఆవిరి. మొండివేమైనా ఉంటే మూడోనాడు పోతాయి.”

“నాకెందుకు చెప్పలేదు తాతా?”

“అయ్యో, మీకు తెలీదని నాకేం తెలుసమ్మా!”

ఆమె మసకబారిన సీసాను పక్కకు జరిపింది.

“మరి... ఇంట్లో ఇంతమంది ఉండగా, ఆదివారాలు ఇక్కడికెందుకు వచ్చేవాడివి?”

“మీరు శుక్రవారం కాయమనేవారు కదమ్మా. మూడోరోజు ఆదివారమే పడేది.”