బ్యాటరీ లేని వ్యాను

"మళ్ళీ ఆ లేక్‌కేనా? సిగ్గులేదూ నీకు?" రాత్రి భోజనాల బల్ల మీద పరిచిన పార్కు మ్యాపును వెర్నా ఉండచుట్టి మొగుడి మొహాన కొట్టింది.

"పొద్దున్నే బుక్ చేసేశా. ఆలస్యమైతే జూలైలో క్యాంపింగ్‌కి చోటు దొరకదు," అన్నాడు గార్త్. "లైల్‌కి అదంటే ప్రాణం."

"ఆ ప్రాణం అక్కడే పోయింది! నిరుడు నీ తమ్ముడు లైల్ మునిగిపోతుంటే ఒడ్డున గుర్రుపెట్టి నిద్రపోయావు!"

బయట మంచులో నిలిపిన క్యాంపర్ వ్యాను హారన్ మోగింది. ప్రయాణం ఆలస్యమైతే లైల్ అలాగే విసుగ్గా మోగించేవాడు.

ఇద్దరూ వంటింటి మూలకేసి చూశారు. చలికి పాడవకుండా గార్త్ వ్యానులోంచి ఊడదీసి తెచ్చిన బ్యాటరీ అక్కడే ఉంది.

హారన్ మళ్ళీ మోగింది. ఈసారి ఆగలేదు.

వెర్నా వ్యాను తాళాలు గార్త్ ముందు గిరాటేసింది.

"వాణ్ణి నువ్వే పిలిచావుగా. వెళ్ళి చెప్పు, ఇంకా ఆర్నెల్లుందని."