గుండీల చేతుల కోటు

“ఎక్కడున్నావు?” ఫోనులో రఫయేలా గొంతు రైలు పెట్టె అంతా వినిపించింది.

“మిలాన్ వచ్చేస్తోంది,” అంది జెమ్మ. అబద్ధం చెప్పి ఏడవొచ్చుగా అన్నట్టు పక్కనున్న స్నేహితురాలు ఇనెస్ మోచేత్తో పొడిచింది. జెమ్మ పట్టించుకోలేదు.

“నేనిలా మందుల షాపుకి రాగానే అలా చెక్కేశావన్నమాట! గడప దాటొద్దని చెప్పానా లేదా?”

“చెప్పావు. దాటాను.”

“ఈ వయసులో నీకీ ఫ్యాషన్ పిచ్చేమిటి? నిద్ర లేకుండా కుట్టి కుట్టి కళ్ళు తిరిగి పడ్డావు. చెయ్యి విరగ్గొట్టుకున్నావు. ఆసుపత్రిలో కూర్చుని ఏడ్చింది నేను, నువ్వు కాదు! మళ్ళీ పడితే?”

“పడితే లేస్తాను.”

“ఆ నోరే తగ్గించుకోమనేది! సోమవారం నిన్ను కాన్వెంటులో సిస్టర్ల దగ్గర చేర్పిస్తాను, అంతే. వేళకి తిండి, వేళకి నిద్ర. నీ ఈడువాళ్ళు బోలెడంతమంది. ఇదిగో, షాపు మూసి వస్తున్నా. అందరి ముందూ లాక్కురాకపోతే చూడు!”

ఫోను పెట్టేసింది. రఫయేలా వద్దందంటే వద్దే. కుట్టుమిషన్ని బీరువాలో పెట్టి తాళం వేసిన మనిషి. అయినా కోటు తయారైంది, ఇనెస్ వంటింట్లో, చేతి కుట్టుతో.

“సిస్టర్ల దగ్గర ఎనిమిదింటికల్లా దీపాలార్పేస్తారటే,” అంది ఇనెస్ జాలిగా. “సూది కూడా దగ్గర ఉంచుకోనివ్వరట.”

“నేను వెళ్తే కదా!”

ఆ కోటు వెళ్తున్నది కొత్త డిజైనర్లకి ఒక ఫ్యాషన్ పత్రిక పెట్టిన పోటీకి. గెలిచినవాళ్ళ బట్టలు పత్రిక ముఖచిత్రం మీదికి వస్తాయి. జెమ్మకి కావలసింది అది కాదు. గెలిచినవాళ్ళకి మిలాన్‌లో ఏడాదిపాటు కుట్టుగది ఇస్తారు, దాని పైనే ఉండటానికి ఇంకో గది. గెలిస్తే ఆ గది. ఓడితే సోమవారం సిస్టర్లు.

హాలు వెనక తలుపు దగ్గర కాపలావాడు అడ్డం పడ్డాడు. జెమ్మ గళ్ళ స్కర్టునీ, చేతిలో సంచినీ ఎగాదిగా చూశాడు.

“ఇటు డిజైనర్లకే. చుట్టాలు ముందువైపు నుంచి వెళ్ళాలి.”

“నేను ఎవరి చుట్టాన్నీ కాదు. తప్పుకో.”

“మీలాంటివాళ్ళు పొద్దుటినుంచీ పదిమంది వచ్చారండీ.”

“వాళ్ళ చేతిలో ఇది ఉందా?” పోటీకి ఎంపికైనవాళ్ళకిచ్చిన బిళ్ళ అతని ముక్కు కింద ఆడించింది. వాడు బిళ్ళ చూశాడు, ఆమెని చూశాడు, తలుపు తీశాడు. నవ్వాపుకోలేక ఇనెస్ గోడ పట్టుకుంది.

లోపల ఇంకో గొడవ. ముఖ్య అతిథిగా వచ్చిన నటి ఫియామ్మా బెల్లోని, పోటీకి వచ్చిన బట్టలు ఒక్కొక్కటే తొడుక్కుని నచ్చినదాన్ని ఎంచాలి, ఆనవాయితీ అది. కానీ షూటింగులో పడి ఆవిడ కుడిచెయ్యి పిండికట్టులో ఉంది.

“మేడమ్ ఈసారి ఊరికే చూసి చెప్పేస్తారు,” అని ప్రకటించాడు నిర్వాహకుడు. “చేతులున్న బట్టలేవీ పట్టవు.”

“తొడుక్కోకుండా ఎంచడమేమిటి?” అంది జెమ్మ. అందరూ ఇటు తిరిగారు. “కొయ్యబొమ్మకి తొడగడానికా నేను కుట్టింది?”

“చూడండీ, మీరు కాస్త...”

“మీరే కాస్త జరగండి.” జెమ్మ నేరుగా నటి దగ్గరికి వెళ్ళింది. “ఒక్కసారి తొడిగి చూపిస్తాను. నొప్పి పుడితే నా పేరు కొట్టేయండి.”

ఫియామ్మా నవ్వింది. “ఇన్ని రోజులుగా శాలువలు కప్పుకుని దిష్టిబొమ్మలా తిరుగుతున్నా. కానివ్వండి!”

జెమ్మ కోటు తీసింది. దాని చేతులు మెడ దగ్గర్నుంచి మణికట్టు దాకా గుండీలతో విడిపోతాయి. కట్టు ఉన్న చేతిని కదపకుండానే చుట్టూ బట్ట వేసి, కింది నుంచి ఒక్కొక్క గుండీ పెట్టుకొచ్చింది. అద్దంలో చూసుకున్న ఫియామ్మా కళ్ళు పెద్దవయ్యాయి. కట్టు ఉన్న జాడే లేదు.

“ఎవరి చెయ్యి చూసి కుట్టారిది?”

“నాదే. పడ్డప్పటినుంచీ పైకి లేవదు. అలాగని కోటు వేసుకోవడం మానేస్తానా?”

రఫయేలా హాల్లోకి దూసుకొచ్చేసరికి వెనక వరసలో ఒకే కుర్చీ ఖాళీగా ఉంది. ఆమె కూర్చోలేదు. జెమ్మని లాక్కుపోవడానికి చుట్టూ వెతుకుతుండగా వేదిక మీదికి ఫియామ్మా వచ్చింది, ఆ కోటులోనే.

“ఇది నేను తిరిగివ్వను,” అంది మైకులో. “ఈ ఏటి కొత్త డిజైనర్, జెమ్మ రిబోల్ది!”

జెమ్మ మెట్లెక్కింది. “మెల్లగా, మెల్లగా,” అని గొణిగింది రఫయేలా, తనకి తెలియకుండానే. హాలంతా లేచి నిలబడింది. కెమెరాలు మెరిశాయి. జెమ్మ చెయ్యి అడ్డుపెట్టుకుని జనంలోకి చూసింది, వెనక వరసలో రఫయేలా కనబడింది.

“అందరికీ థాంక్సు,” అంది మైకులో. “సోమవారం నాకు పనుంది.”

ఎందుకన్నదో ఎవరికీ అర్థం కాకపోయినా అందరూ గట్టిగా నవ్వారు. రఫయేలా మాత్రం కళ్ళు తుడుచుకుంది.

“భలే మొండి మనిషి!” అంది పక్కసీటావిడ చప్పట్లు కొడుతూ. “మీకేమవుతారు?”

“మా అమ్మ,” అంది రఫయేలా.