హార్లన్ కోటు

"ఆ కోటు ఇటివ్వు, వెర్నా," అంది ఓడెట్.

"ఇవ్వను."

"రేపు పొద్దున్నే పశువుల డాక్టరు వస్తాడు. గ్లాడిస్‌కి సూది వేసి శాశ్వతంగా నిద్రపుచ్చేస్తాడు. అప్పుడిస్తావా?"

వెర్నా తువ్వాలులో చుట్టిన కుందేలును ఒళ్ళో పెట్టుకుని దాని గోళ్ళు ఒక్కొక్కటే కత్తిరిస్తోంది. ఒంటిమీద మొగుడి పాత కోటు. మోచేతుల దగ్గర చిరిగిపోయింది, మోకాళ్ళదాకా వేలాడుతోంది. హార్లన్ పోయి ఆరు వారాలైంది. ఈ ఆరు వారాల్లో రాత్రి పడుకునేటప్పుడైనా ఆమె ఆ కోటు విప్పిన పాపాన పోలేదు. వాళ్ళున్నది దిక్కులేని జంతువుల కోసం మొగుడూ పెళ్ళాం కలిసి పెట్టుకున్న ఆశ్రయం. ఇప్పుడామెకు కుందేళ్ళ కొట్టమే లోకం. పందుల పాక వైపు తొంగి కూడా చూడటం లేదు.

ఆ పాకలోనే గ్లాడిస్ ఆరు రోజులుగా మేత ముట్టకుండా పడివుంది. మూడు వందల కిలోల ఆడపంది. హార్లన్ బూట్ల చప్పుడు వింటే చాలు, చిన్నపిల్లలా అరుస్తూ గేటు దగ్గరికి పరిగెత్తేది.

"ఆయన చేతి తొడుగులు దాని గడ్డిలో పెట్టినన్నాళ్ళూ తిన్నదా లేదా?" ఓడెట్ వదల్లేదు. ఇరవై ఏళ్ళుగా అక్కడే పనిచేస్తున్న మనిషి, వెర్నాని ఎంత మాటైనా అనగలదు. "అవి పీలికలై వాసన పోయాకే కదా మూతి ముడుచుకుంది? ఇంకొక్కటి, ఆయనది ఏదైనా ఒక్కటి వాసన చూపిస్తే లేస్తుందే. నా మాట విను."

"బీరువా నిండా బట్టలున్నాయిగా!"

"ఆ, ఉన్నాయి! నీ ఆడపడుచు సాయం చేస్తానని వచ్చి మొత్తం ఉతికి, ఇస్త్రీ చేసి పోయింది, మహాతల్లి. సబ్బు వాసన తప్ప ఏముంది వాటిలో?"

వెర్నా కత్తెర పక్కన పెట్టింది.

"మీకందరికీ ఇది కోటు. నాకు ఇదే మొగుడు. పొద్దున లేవగానే ఈ కాలర్‌లో ముక్కు పెడతాను. డీజిలూ, ఎండుగడ్డీ, ఆ వెధవ పిప్పర్‌మెంటు బిళ్ళలూ... ఆయన ఉంటాడు ఓడెట్, ఇందులో ఉంటాడు. దీన్ని తీసుకెళ్ళి ఆ బురదలో పడేస్తే ఒక్కపూటలో చీల్చి పోగులు పెడుతుంది. తర్వాత నా గతేమిటి?"

"తర్వాత నువ్వు ఏడుస్తావు." ఓడెట్ గొంతు తగ్గింది. "ఏడుస్తావు గానీ బతుకుతావు. అది బతకదే."

వెర్నా కుందేలును దాని గూట్లో దింపి లేచింది.

బయట నవంబరు చలి కోసేస్తోంది. హాలోవీన్ పండగ అయిపోయింది కదా, కళ్ళూ నోరూ చెక్కిన గుమ్మడికాయలన్నీ ఊరివాళ్ళు తెచ్చి పందుల కోసం గేటు దగ్గర గుట్ట పోశారు. మిగతా పందులు మూతులన్నీ పసుపు చేసుకుని పండగ చేసుకుంటున్నాయి. గ్లాడిస్ ఒక్కతే పాక మూలన గడ్డిలో, గోడవైపు తిరిగి పడుకుంది. దాని డొక్కలు లోపలికి పోయాయి.

వెర్నా కంచె దాటి లోపలికి వెళ్ళలేకపోయింది. అక్కడే నిలబడి ఒక్కో గుండీ విప్పింది. కాలర్‌లో ముఖం దాచుకుని గట్టిగా ఊపిరి పీల్చింది.

"క్షమించు హార్లన్. నీ ముద్దుల కూతురి కోసమేలే," అంది. కోటు తీసి ఓడెట్ చేతుల్లో పెట్టి అటు తిరిగిపోయింది. చూడలేకపోయింది పాపం.

ఓడెట్ కోటును గ్లాడిస్ మూతి ముందు పరిచింది. పంది కదల్లేదు. ఓడెట్ కోటు చేతిని దాని ముక్కుకు దగ్గరగా జరిపింది. ముక్కు ఒక్కసారి అదిరింది. మళ్ళీ అదిరింది. కాలర్, చంకలు, లోపలి గుడ్డ, అంతా తడిమి తడిమి వాసన చూసింది. గొంతులోంచి సన్నగా ఒక మూలుగు వచ్చింది.

"పట్టిందే! వాసన పట్టింది!" ఓడెట్ కేక వేసింది.

వెర్నా గిరుక్కున తిరిగింది. గ్లాడిస్ ముందుకాళ్ళ మీద లేచి, కూలబడి, మళ్ళీ లేచింది. కోటు మీద పడుకోలేదు. దాన్ని కొరకనూ లేదు. దాని మీద నుంచే అడుగేసి, ముక్కు గాల్లోకి ఎత్తి, తూలుతూ తూలుతూ కంచె దాకా వచ్చింది. కమ్మీల సందులోంచి మూతి బయటికి చాపి వెర్నా అరచేయి వాసన చూసింది. మోచేయి వాసన చూసింది. తర్వాత ఆమె కడుపుకి మూతి ఆనించి కుయ్యో కుయ్యోమంది.

వెర్నా గబగబా వంగి గుమ్మడి ముక్క ఒకటి అందించింది. గ్లాడిస్ కరకరా నమిలేసింది. ఇంకొకటి. ఇంకొకటి.

ఓడెట్ నవ్వుతూ ఏడుస్తూ కోటు తీసుకుని పరిగెత్తుకొచ్చింది. "చూశావా! పోయి కూడా తన కూతుర్ని తనే బతికించుకున్నాడు, మహానుభావుడు! కోటుకి ఒక్క గాటు పడలేదు చూడు. వేసుకో, చలి. ఇంకా ఎందుకే ఆ ఏడుపు? డాక్టర్ని రావద్దని చెప్పేద్దాం!"

వెర్నా కోటు అందుకుంది. కాలర్‌లో ముక్కు పెట్టింది. అలాగే ఉండిపోయింది.

"ఏమైందే?"

"గ్లాడిస్ ఆయన వాసనకి లేవలేదు ఓడెట్," అంది వెర్నా. "నా వాసన పట్టుకుని నన్ను వెతుక్కుంటూ వచ్చింది. ఈ కోటులో హార్లన్ లేడే... ఎప్పట్నించో నేనొక్కదాన్నే ఉన్నాను."