అట్ట ఇల్లు

"నాలుగు నెలల సంది గీ అట్టముక్కలు కోసుడేనా నేర్పింది? గిదేం కొలువు పెట్టిస్తది?"

బచ్చన్నపేటలో తాను కడుతున్న ఇంటికి కూతురు చేసిన నమూనాను మేస్త్రి ఐలేశ్ అనుమానంగా చూశాడు.

ఆర్కిటెక్చర్ మొదటి ఏడాది చదువుతున్న తేజస్విని, కొలత ప్రకారం కత్తిరించిన కాగితపు మనిషిని మెట్ల మీద నిలబెట్టింది.

"చూడు బాపు, తల బీముకు తాకుతంది."

"నీ అట్టనే తప్పుంటది."

అయినా టేపు పట్టుకుని, కడుతున్న ఆ ఇంటి లోపలికి వెళ్లి, మెట్టు మీది నుంచి బీము కోసం కొట్టిన సెంట్రింగ్ చెక్కల దాకా కొలిచాడు. ఐదడుగులే ఉంది. మళ్లీ కొలిచినా అంతే వచ్చింది.

బయటికి వచ్చి ఇంటి యజమానికి ఫోన్ చేశాడు. "అన్నా, రేపు స్లాబ్ పోస్తలేం. తప్పు నాదే. మా బిడ్డ పట్టింది."

తర్వాత కూతురి పక్కన ఇటుకల మీద కూర్చున్నాడు.

"పై అంతస్తు గూడ చేసినవా, బిడ్డా?"